“మల్ల వస్తదా?”: ములుగు 5.3 భూకంపం తర్వాత నాలుగు రోజులు, ఒక కేస్ స్టడీ

2024 డిసెంబర్ 4, బుధవారం. పొద్దున 7:27 దాటింది. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో చాయ్ గ్లాసు టేబుల్ మీద పెట్టి షూ లేస్ కట్టుకుంటున్నా, చాయ్ మీద సన్నగా వలయాలు లేచాయి, ఏంటా అని చూసేలోపే పైన ఫ్యాన్ ఊగడం మొదలైంది. పదహారేళ్లుగా నా పని ఇదే, డ్యాములకి, గనులకి, పెద్ద కట్టడాలకి సీస్మిక్ సెన్సార్లు (నేల కదలికని పట్టే పరికరాలు) పెట్టడం, అవి పంపే డేటా చదవడం, ఏదైనా ఊగితే అది ఏంటో ఎంతో చెప్పడం. అయినా సొంత ఇల్లు ఊగినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు అందరికీ ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉంది, గుండె దడదడలాడింది, చెయ్యి వెళ్లి టేబుల్ అంచు పట్టుకుంది.

ల్యాప్‌టాప్ తెరిచేలోపే హనుమకొండ నుంచి అమ్మ ఫోన్.

“బిడ్డా, ఇల్లంత ఊగింది, గిన్నెలన్ని గలగలమన్నయి, వాడకట్టోళ్లం అందరం బయటికి ఉరికినం. మల్ల వస్తదా?”

“ఏం కాదమ్మా, అయిపోయింది. ఇంక రాదు, లోపలికి పో.”

నాలుగు ముక్కలు, రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. అమ్మ భయపడుతోంది, భయం తీర్చాలి, అంతే అనుకున్నా. ఈ కేస్ స్టడీ రాస్తున్నది ఆ “ఇంక రాదు” కోసమే. అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెప్పి ఉండాలో, ఆ చెప్పాల్సిన దానికి లెక్క ఎక్కడి నుంచి వస్తుందో, మా ఫీల్డ్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలకి, అలాగే ఇంట్లో వాళ్లకి జవాబు చెప్పాల్సి వచ్చే ఎవరికైనా ఉపయోగపడాలని వివరంగా రాస్తున్నా.

ముందు అది ఏంటో తేల్చుకోవడం

హైదరాబాద్‌లో భూకంపాలు నమోదు చేసే ఒక మంచి పాత స్టేషన్ ఉంది, దాని కోడ్ హెచ్‌వైబీ, ఫ్రెంచ్ వాళ్ల జియోస్కోప్ నెట్‌వర్క్‌లో భాగం, దాని డేటా ఎవరైనా చూడొచ్చు. ఆ గీత తెరిస్తే ముందంతా సన్నటి వణుకు, అది ఊరి ట్రాఫిక్, గాలి, మామూలే. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒక చిన్న పదునైన ఎగురు, అది పి వేవ్, ముందుగా వచ్చే వేగమైన అల. ఇరవై చిల్లర సెకన్లు పోయాక దానికి ఎన్నో రెట్లు పెద్ద ఊపు, అది ఎస్ వేవ్, వెనక నెమ్మదిగా వచ్చే బలమైన అల, ఫ్యాన్‌ని ఊపింది అదే. రెండింటి మధ్య తేడాని ఎనిమిదితో గుణిస్తే దూరం కిలోమీటర్లలో రఫ్‌గా వస్తుంది. ఇది పాత లెక్క, కానీ కంప్యూటర్ జవాబు ఇచ్చేలోపు మనసుకి ఒక అంచనా ఇస్తుంది. అంటే రెండొందల కి.మీ. అటూ ఇటూ. ఒక్క స్టేషన్‌తో మ్యాప్ మీద వృత్తం వస్తుంది తప్ప చుక్క రాదు, చుక్క రావాలంటే కనీసం మూడు కావాలి, లోతు కూడా నమ్మకంగా తేలాలంటే దగ్గర్లోనే ఒకటి ఉండాలి. నేను వృత్తం గీసి చూస్తుండగానే నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ప్రకటన వచ్చేసింది: మాగ్నిట్యూడ్ 5.3, ములుగు జిల్లా, లోతు 40 కి.మీ., టైమ్ 7 గంటల 27 నిమిషాల 2 సెకన్లు. దేశమంతా 150కి పైగా స్టేషన్లు వాళ్లకి ఉన్నాయి కాబట్టి అంత త్వరగా చెప్పగలుగుతున్నారు, నేను ఈ పనిలో చేరిన రోజుల్లో ఇది కలలో మాట.

లోతు 40 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. జనం మాగ్నిట్యూడ్ ఒక్కటే చూస్తారు, కానీ ఆ రోజు కథంతా లోతులోనే ఉంది. అంత కింద పగిలింది కాబట్టే ఖమ్మం, వరంగల్, కరీంనగర్, హైదరాబాద్, విజయవాడ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి దాకా తెలిసింది, కానీ పైన నష్టం మాత్రం పాత గోడల బీటలతోనే ఆగింది, ప్రాణాలు పోలేదు. అదే 5.3 ఐదారు కి.మీ. లోతులో వచ్చి ఉంటే ఇంత దూరం ఇంత గట్టిగా తెలిసేది కాదేమో గానీ, ఎపిసెంటర్ (పగిలిన చోటికి సరిగ్గా పైనున్న నేల) మీదున్న ఊళ్ల పరిస్థితి వేరేలా ఉండేది. మేడారంలో సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర సీసీటీవీ వీడియో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది కదా, గద్దెల చుట్టూ అంతా వణుకుతూ కనిపిస్తుంది. ఎపిసెంటర్‌కి అది చాలా దగ్గర. నేను ఆ వీడియో పదిసార్లు చూశా, భక్తితో కొన్నిసార్లు, ఎంతసేపు ఊగిందో సెకన్లు లెక్కపెట్టడానికి కొన్నిసార్లు.

చోటు విషయానికొస్తే ఆశ్చర్యం లేదు. ప్రాణహిత గోదావరి లోయ అనేది కోట్ల ఏళ్ల కింద భూమి చీలి కుంగిపోయిన పట్టీ, సింగరేణి బొగ్గు ఉన్నది కూడా ఆ కుంగిన చోట పేరుకున్న పొరల్లోనే. అంచుల్లో పాత ఫాల్ట్‌లు, అంటే రాయి పగిలి జరిగిన గీతలు, ఉన్నాయి, ఇండియా ప్లేట్ ఉత్తరానికి పోయి హిమాలయాల దగ్గర ఆసియాని నెట్టుతున్న ఒత్తిడి ఇంత దూరం కూడా ఆ పాత గాయాల మీద పడుతుంది. 1969 ఏప్రిల్ 13న ఇదే లోయలో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అమ్మకి అది గుర్తుంది, అప్పుడు చిన్నపిల్ల.

సైట్ నుంచి వచ్చిన ప్రశ్న

8 గంటలకి క్లయింట్ ఫోన్. గోదావరి లోయలోనే వాళ్ల సైట్, మా సెన్సార్లు రెండు అక్కడ ఉన్నాయి. ఇంజినీరు చాలా మర్యాదగా, చాలా సూటిగా అడిగాడు: “సార్, పనివాళ్లు రెండు వందల మందినీ బయట నిలబెట్టా. పాత గోడౌన్‌లో రెండు వందల బస్తాలు దించాలి, పైన వాటర్ ట్యాంక్ ఉంది. లోపలికి పంపాలా, వద్దా? ఇంకోటి వస్తుందా?”

అమ్మకి ఇచ్చిన జవాబు అతనికి ఇవ్వలేకపోయా. నోరు తెరిచి ఆగిపోయా. రెండు వందల మంది జీతగాళ్ల మీద సంతకం పెట్టి “ఇంక రాదు” అని రాసిస్తానా? రాయలేను. మరి అమ్మకి ఎలా చెప్పా? ఆ క్షణంలోనే విషయం అర్థమైంది, కానీ ముందు సైట్ పని. గంట టైమ్ అడిగా, ఆ గంటసేపు గోడౌన్‌లోకి ఎవరూ పోవద్దని చెప్పా.

గంటలో చేసిన లెక్క

ఇక్కడ మూడు మాటలు వేరు చేసుకోవాలి, జనం వీటిని కలిపేస్తారు. ఫలానా రోజు ఫలానా చోట ఇంత వస్తుంది అని చెప్పడం జోస్యం, అది ఇప్పటివరకు ఎవరికీ నమ్మదగ్గట్టుగా చేతకాలేదు. భూకంపం మొదలైపోయాక పి వేవ్ పట్టుకుని ఎస్ వేవ్ రాకముందే సైరన్ మోగించడం ముందస్తు హెచ్చరిక, 2011 మార్చి 11న జపాన్‌లో మొదటి స్టేషన్ పట్టిన 8 సెకన్ల చిల్లరలో జనానికి హెచ్చరిక వెళ్లింది, అది సెకన్ల ఆట. ఈ రెండూ కాకుండా మధ్యలో ఉన్నది ఫోర్‌కాస్ట్, అంటే ఇంత ప్రాంతంలో ఇన్ని రోజుల్లో ఇంతకన్నా పెద్దది వచ్చే అవకాశం వందలో ఎంత అని చెప్పడం. వానకి 30 శాతం చాన్స్ అన్నట్టు. మేం చేయగలిగింది ఇదే, నిజాయితీగా చేస్తే దీనికి చాలా విలువుంది.

దీనికి పునాది చాలా పాతది. 1891లో జపాన్‌లో నోబి భూకంపం తర్వాత వచ్చిన చిన్న చిన్న ప్రకంపనలని ఒమొరి అనే ఆయన ఓపికగా లెక్కపెట్టి 1894లో ఒక సూత్రం చెప్పాడు, అవి రోజులు గడిచే కొద్దీ తగ్గుతాయి, పదో రోజుకి మొదటి రోజులో దాదాపు పదో వంతు అవుతాయి. తర్వాత గుటెన్‌బర్గ్, రిక్టర్ ఇంకోటి చెప్పారు, మాగ్నిట్యూడ్ ఒకటి తగ్గితే సంఖ్య దాదాపు పది రెట్లు పెరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త బాత్ చూసినదేంటంటే అన్నిటికన్నా పెద్ద ఆఫ్టర్‌షాక్ (అసలు భూకంపం తర్వాత వచ్చే ప్రకంపన) సగటున అసలు దానికన్నా 1.2 తక్కువ ఉంటుంది, అంటే 5.3కి 4.1 దరిదాపుల్లో. ఈ మూడూ కలిపి 1989లో కాలిఫోర్నియా డేటా మీద రీసెన్‌బర్గ్, జోన్స్ ఒక ఫార్ములా కట్టారు, ఈరోజుకీ ప్రపంచమంతా దాని పిల్లలే వాడుతున్నారు.

మరి ఇంకా పెద్దది రావడం? ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఒక భూకంపం తర్వాత వారంలోపు దగ్గర్లోనే అంతకంటే పెద్దది రావడం దాదాపు ఇరవైలో ఒక్కసారి. అప్పుడు మనం మొదటిదాన్ని ఫోర్‌షాక్ అని పేరు మారుస్తాం, పెద్దది మెయిన్‌షాక్ అవుతుంది. పేరు తర్వాతే మారుతుంది, వచ్చినప్పుడు దాని మొహం మీద ఏమీ రాసి ఉండదు, ఇది చాలామందికి తెలియదు, గీత చూసి ఇది ఫోర్‌షాకా మెయిన్‌షాకా అని చెప్పే పద్ధతి మా దగ్గర లేదు.

ఆ ఇరవైలో ఒకటిని ఒమొరి సూత్రంతో రోజులవారీగా పంచా. కాలిఫోర్నియా అంకెలే పెడితే వారం మొత్తం రిస్కులో మూడింట రెండొంతులు మొదటి 24 గంటల్లోనే అయిపోతుంది. అంటే బుధవారం పొద్దున ఇరవైలో ఒకటి, గురువారం పొద్దునకి మిగిలింది అరవైలో ఒకటి, శనివారం పొద్దునకి నూట నలభైలో ఒకటి. ఎంత త్వరగా దిగుతుందో చూడండి. నేను “ఇంక రాదు” అన్న 7:32 అనేది ఆ వారం మొత్తంలో ఆ మాట అనడానికి అన్నిటికంటే చెడ్డ టైమ్.

మన నేల కాలిఫోర్నియా కాదు అన్నది నా లెక్కలో బలహీనత. దక్కన్ పాత గట్టి రాయి, భూకంపాలు తక్కువ, తక్కువ కాబట్టి డేటా తక్కువ, డేటా తక్కువ కాబట్టి ఇక్కడి సొంత అంకెలు గట్టిగా తేలవు. నాకు నేను అడ్డు ప్రశ్న వేసుకోవడానికి చరిత్ర తిరగేశా. భద్రాచలం 1969 తర్వాత అంతకన్నా పెద్దది రాలేదు, అది ధైర్యం ఇచ్చే ఉదాహరణ. కానీ మహారాష్ట్రలో కొయనా చూడండి, 1967 సెప్టెంబర్ 13న 5 దాటినది ఒకటి వచ్చింది, మూడు నెలలకి డిసెంబర్ 11 తెల్లవారుజామున 4:21కి 6.3 వచ్చి 180 మంది దాకా పోయారు. లాతూర్ చూడండి, కిల్లారి చుట్టుపక్కల 1992లో చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి, ఆగిపోయాయి, జనం మర్చిపోయారు, 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2, దాదాపు పదివేల మంది నిద్రలోనే రాళ్ల గోడల కింద. అప్పటికి మ్యాప్‌లో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. ఈ రెండింట్లోనూ పెద్దది వారంలో రాలేదు, నెలలు పట్టింది, అంటే నా వారం లెక్క పట్టుకోలేని దారి ఒకటి ఉంది. ఇది రిపోర్టులో రాశాను. రాయకుండా ఉంటే అంకె ఇంకా చక్కగా కనిపించేది.

గంట తర్వాత సైట్‌కి పంపిన నోట్ ఇలా ఉంది, దాదాపు ఇవే మాటలు: “వారంలోపు 5.3 కన్నా పెద్దది వచ్చే అవకాశం సుమారు ఇరవైలో ఒకటి లేదా అంతకంటే తక్కువ. 4 దరిదాపుల్లోది వస్తే ఆశ్చర్యపోవద్దు, అది మామూలే. అవకాశం రేపటికి బాగా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. గోడౌన్ గోడలో కొత్త బీటలు ఉన్నాయో లేదో చూడకుండా ఎవరినీ పంపొద్దు. బీటలుంటే మూడు రోజులు మూసేయండి. మిగతా పని నడపొచ్చు.” ఇంజినీరు గోడలు చూశాడు, ట్యాంక్ వైపు మూలలో వేలు పట్టేంత బీట, పాతదో కొత్తదో తెలియదన్నాడు. మూసేశారు. బస్తాలు శనివారం దించారు. పని ఆపాలా వద్దా అన్నది ఇరవైలో ఒకటి అన్న అంకె ఒక్కటే నిర్ణయించలేదు, ఆ అంకెతో పాటు ఆ బీట కలిస్తే నిర్ణయం వచ్చింది.

అక్విలా గుర్తొచ్చి

నోట్ పంపి కూర్చున్నాక ఇటలీలోని అక్విలా గుర్తొచ్చింది. మా పనిలో ఉన్నవాళ్లెవరూ ఆ పేరు మర్చిపోలేరు. 2009లో ఆ ఊళ్లో నెలల తరబడి చిన్న ప్రకంపనలు. ఒక టెక్నీషియన్ రేడాన్ గ్యాస్ కొలిచి పెద్దది వస్తుందని, ఒక పక్క ఊరి పేరు కూడా చెప్పాడు, అక్కడ రాలేదు, జనం ఇంకా బెదిరిపోయారు. మార్చి 31న ప్రభుత్వం నిపుణుల మీటింగ్ పెట్టింది. ఒక అధికారి టీవీతో మాట్లాడుతూ చిన్న చిన్నవాటితో ఎనర్జీ బయటికి పోతోంది, అది మంచిదే అన్న అర్థంలో ధైర్యం చెప్పాడు, అయితే ఒక గ్లాసు వైన్ తాగి కూర్చోవచ్చా అంటే అవునన్నాడు. ఆ ఊరివాళ్లకి తాతల నాటి అలవాటు ఒకటి ఉంది, రాత్రి ఊగితే ఇల్లు వదిలి మైదానంలో పడుకోవడం. ఏప్రిల్ 5 రాత్రి రెండు సార్లు ఊగినా కొందరు ఆ ధైర్యంతో లోపలే పడుకున్నారు. 6వ తేదీ తెల్లవారుజామున 3:32కి 6.3. మూడు వందల మందికి పైగా పోయారు. 2012లో ఏడుగురికి ఆరేళ్ల జైలు శిక్ష, 2014లో అప్పీల్‌లో ఆరుగురు శాస్త్రవేత్తలని వదిలేశారు, ఆ అధికారికి శిక్ష రెండేళ్లకి తగ్గింది. శాస్త్రవేత్తలు భూకంపాన్ని ముందే చెప్పలేదని శిక్ష వేశారని బయట చాలామంది అనుకుంటారు. గొడవ అది కాదు, లేని ధైర్యం ఇచ్చారన్నది.

“చిన్నవి వచ్చి ఎనర్జీ పోతే మంచిదే కదా” అన్న మాట మనవాళ్లూ అంటారు, ములుగు తర్వాత నాకు కనీసం పదిమంది అన్నారు. లెక్క చూడండి, మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే ఎనర్జీ దాదాపు 32 రెట్లు. ఒక 6.3లో ఉన్న ఎనర్జీ పోవాలంటే 5.3లు ముప్పై రెండు రావాలి, 4.3లు అయితే వెయ్యి రావాలి. చెంచాతో చెరువు తోడినట్టు.

11 గంటలకి అమ్మకి మళ్లీ ఫోన్ చేశా. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. “మావోడు గదే పని చేస్తడు, ఇంక రాదన్నడు” అని అమ్మ వాడకట్టు మొత్తానికి చెప్పింది, చెబితే అందరూ ఎవరిళ్లలోకి వాళ్లు పోయారు. పక్కింటి అవ్వది పెంకుటిల్లు, మట్టి గోడ, పొద్దున ఊపుకి దూలం కింద నుంచి కిటికీ దాకా బీట పడింది, అవ్వ ఆ గోడ కిందే మంచం వేసుకుని పడుకుంది. వింటుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. సైట్‌లో రెండు వందల మంది విషయంలో గంట టైమ్ అడిగినవాణ్ణి, ఇక్కడ ఒక వాడ మొత్తాన్ని రెండు సెకన్లలో లోపలికి పంపేశా.

“అమ్మా, నేను పొద్దున చెప్పింది తప్పు. రాదని ఎవరూ చెప్పలేరు. ఇలాంటివి ఇరవై వస్తే వాటిలో ఒక్కదాని తర్వాత ఇంకా పెద్దది వస్తుంది. పందొమ్మిదింటికి రాదు. రేపటికి భయం బాగా తగ్గుతుంది. అవ్వని ఆ గోడ దగ్గర నుంచి లేపు, మీ ఇంట్లో పడుకోబెట్టు, శనివారం దాకా.”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “గట్ల ముందే చెప్పొద్దా బిడ్డా” అంది.

శనివారం

నూట నలభైలో ఒకటి అని లెక్కగట్టిన శనివారం, డిసెంబర్ 7, మధ్యాహ్నం 12:15కి మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0 వచ్చింది. ఫోన్లు ఆగలేదు. “సార్, అటు నుంచి ఇటు పాకుతోందా?” ఇక్కడ స్కేల్ ముఖ్యం. 5.3కి పగిలే ఫాల్ట్ ముక్క పొడవు నాలుగైదు కి.మీ., దాని ఆఫ్టర్‌షాక్‌లు ఆ ముక్క చుట్టూనే ఉంటాయి. మహబూబ్‌నగర్‌లో వచ్చిన చోటు అక్కడి నుంచి మూడు వందల కి.మీ. పైనే, వేరే రాయి, వేరే ఫాల్ట్. 3 స్థాయివి మన ద్వీపకల్పంలో వస్తూనే ఉంటాయి, ములుగు రాకపోయి ఉంటే ఆ 3.0 ఏ మూలో చిన్న వార్త అయ్యేది. అదే నెలలో ప్రకాశం జిల్లా ముండ్లమూరు వైపు కూడా వరుసగా రెండు మూడు రోజులు ఊగితే దాన్నీ ఈ దండలో గుచ్చారు.

మా సైట్ సెన్సార్లతో ఇంకో తంటా. సాఫ్ట్‌వేర్ “ఈవెంట్” అని ఎర్ర గుర్తు పెట్టిన వాటిలో ఎక్కువ గని బ్లాస్టులే. వేరు చేయడం చేతి పని: బ్లాస్ట్‌లు పగటిపూట, రోజూ ఇంచుమించు ఒకే టైమ్‌కి, పి వేవ్ అన్ని స్టేషన్లలోనూ పైకే లేస్తుంది ఎందుకంటే పేలుడు అన్ని వైపులకీ నెట్టుతుంది, ఎస్ వేవ్ నీరసంగా ఉంటుంది. భూకంపంలో అయితే కొన్ని చోట్ల పైకి, కొన్ని చోట్ల కిందికి. ఇది చేయకుండా లిస్టు మొత్తం “ఆఫ్టర్‌షాక్‌లు” అని బయటికి ఇస్తే ఇక చెప్పక్కర్లేదు.

డ్యాము, చెట్లు, తేదీలు

ఆ వారంలో నాకు ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న గోదావరి మీద బ్యారేజీల గురించి. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు, రిజర్వాయర్ వల్ల భూకంపం రావడానికి ప్రపంచంలోనే పెద్ద ఉదాహరణ మన దేశంలోనే ఉంది. కొయనా డ్యాము 103 మీటర్ల ఎత్తు, 1960ల మొదట్లో నీళ్లు నింపారు, అప్పటి నుంచి ఈరోజు దాకా ఆ 20, 30 కి.మీ. ముక్కలో భూకంపాలు ఆగలేదు, 5 పైనవే ఇరవైకి మించి వచ్చాయి. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు దశాబ్దాలుగా దాన్నే చూస్తున్నారు, నీళ్లు వారంలో 12 మీటర్ల వేగంతో పెరిగినప్పుడు 5 స్థాయివి వచ్చే అలవాటుందని శాస్త్రవేత్త హర్ష్ గుప్తా గారు ఎప్పుడో చూపించారు. అక్కడే 2006 మే 16న, చిన్న ప్రకంపనలు గుమిగూడుతున్న తీరు చూసి 15 రోజుల్లోపు 4 స్థాయిది వస్తుందని ముందే రాసి పెట్టారు, మే 21న 4.2 వచ్చింది. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ అది ఎందుకు కుదిరిందో చూడాలి, చిన్న ప్రాంతం, దట్టమైన నెట్‌వర్క్, పక్కన గందరగోళం చేసే వేరే ఫాల్ట్‌లు లేవు, లోతు పది కి.మీ. లోపే. తర్వాత అక్కడే 3 కి.మీ. లోతు దాకా బోర్ కూడా వేశారు. ములుగు సంగతి అలా కాదు, 40 కి.మీ. లోతు, తక్కువ ఎత్తు బ్యారేజీలు, నీటి బరువు ప్రభావం అంత కింద దాకా పోయి రాయిని పగలగొట్టిందని చెప్పడానికి నాకైతే ఆధారం కనిపించలేదు.

చెట్ల సంగతి కూడా. ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో పెనుగాలికి వేలకొద్దీ చెట్లు పడిపోయాయి, డిసెంబర్‌లో భూకంపం రాగానే అది దీనికి సూచన అన్నారు. అడవి అలా పడి ఉంటే చూసినవాళ్ల మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ బాధలో కారణం వెతుక్కోవడం సహజం. కానీ గాలి తుఫాను నేల పైన జరిగింది, పగిలింది 40 కి.మీ. కింద.

తేదీ చెప్పి భయపెట్టే మెసేజ్‌లు మాత్రం నాకు కోపం తెప్పిస్తాయి. 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర భారీ భూకంపం వస్తుందని వార్త తిరిగింది, జనం రాత్రుళ్లు నిద్రపోలేదు, రాలేదు. మే 5న కరీంనగర్ వైపు 3.8 వచ్చింది, వెంటనే “చూశారా, చెప్పినట్టే” అన్నారు. కాదు. చోటు ఎంత, రోజులు ఎన్ని, సైజు ఎంత, ఈ మూడూ ముందే రాసి, ఊరికే గుడ్డిగా అన్నా ఎంత చాన్స్‌తో నిజమయ్యేదో దాంతో పోల్చి చూస్తేనే దానికి మార్కులు. ప్రపంచంలో 5 పైనవి రోజుకి సగటున మూడు నాలుగు వస్తాయి, ఇండోనేషియాలో ఈ వారం 5 వస్తుందని ఎవరైనా చెప్పొచ్చు, వస్తుంది.

గట్టి మనుషులు గట్టిగా ప్రయత్నించిన కథలూ ఉన్నాయి. చైనాలో హైచెంగ్, 1975 ఫిబ్రవరి 4, ఫోర్‌షాక్‌లు విపరీతంగా వచ్చాయి, జనాన్ని బయటికి పంపారు, 7.3 వచ్చింది, ఎన్నో ప్రాణాలు దక్కాయి. ఏడాదిన్నరకి 1976 జూలై 28న తాంగ్‌షాన్, అలాంటి ఫోర్‌షాక్‌లు లేవు, హెచ్చరిక లేదు, రెండు లక్షల నలభై వేల మందికి పైగా. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1857 నుంచి సగటున 22 ఏళ్లకోసారి 6 వస్తోందని, తర్వాతది 1993 లోపు వచ్చి తీరుతుందని పరికరాలన్నీ పెట్టి కాచుకుని కూర్చున్నారు, 2004 సెప్టెంబర్ 28న వచ్చింది, చెప్పుకోదగ్గ సూచన ఏదీ ఇవ్వకుండా.

ఎలా చెప్పాలో జపాన్ చూపించింది

ములుగుకి నాలుగు నెలల ముందు, 2024 ఆగస్టు 8న జపాన్‌లో హ్యుగానాడాలో 7.1 వచ్చింది, అది నాంకాయ్ ట్రఫ్ అంచున, అంటే మహా భూకంపాలు వచ్చే సముద్రం అడుగు లోయ పక్కన. వాళ్ల వాతావరణ సంస్థ మొట్టమొదటిసారి ఒక ప్రత్యేక ప్రకటన ఇచ్చింది. ఏమంది? మామూలుగా వారంలో వెయ్యిలో ఒకటిగా ఉండే మహా భూకంపం అవకాశం ఇప్పుడు కొన్ని వందల్లో ఒకటికి పెరిగింది, ఇళ్లు వదలక్కర్లేదు, కానీ బయటికి పోయే దారి, నీళ్లు, సరుకులు ఒకసారి చూసుకోండి, వారం తర్వాత ఈ ప్రకటన ముగుస్తుంది. ప్రధాని విదేశీ పర్యటన ఆపుకున్నారు, కొన్ని బీచ్‌లు మూశారు, కొన్ని రైళ్లు నెమ్మదిగా నడిపారు. ఏమీ రాలేదు, 15న ముగించారు. టూరిజం వాళ్లకి నష్టం వచ్చింది, విమర్శలూ వచ్చాయి. అయినా నా దృష్టిలో అది ఈ మధ్యకాలంలో మా ఫీల్డ్ చేసిన మంచి పనుల్లో ఒకటి, ఎందుకంటే వాళ్లు తక్కువ అంకెని తక్కువగానే చెప్పారు, దాన్ని సున్నా అనలేదు.

ఆ మిగిలిన చిన్న అంకె నిజమయ్యే రోజులూ ఉంటాయి. 2011 మార్చి 9న జపాన్ తూర్పు తీరంలో 7.3 వచ్చింది, రెండు రోజులకి 9.0. 2025 జూలై 20న కామ్చాట్కా దగ్గర 7.4 వచ్చింది, అందరం అదే పెద్దది అనుకున్నాం, తొమ్మిది రోజులకి అదే చోట 8.8. ఆ పొద్దున స్క్రీన్ మీద గీతలు చూస్తూ నాకు ఆ ఇరవైలో ఒకటి ఎలా ఉంటుందో కళ్లకి కనిపించింది.

ములుగు తర్వాత అంతకన్నా పెద్దది రాలేదు. అంత మాత్రాన 7:32కి నేను అన్న మాట ఒప్పు అయిపోదు. ఇప్పుడు మా టీమ్‌లో ఒక చిన్న కాగితం ఉంది, ఫోన్ పక్కనే అతికించాం, ఎక్కడైనా ఊగితే మొదటి గంటలో ఎవరు అడిగినా చెప్పాల్సిన మూడు వాక్యాలు దాని మీద ఉన్నాయి: అవకాశం ఇంత, అది ఇలా తగ్గుతుంది, బీటలున్న గోడకి దూరంగా ఉండండి. అందులో “రాదు” అన్న పదం లేదు, “వస్తుంది” అన్న పదం కూడా లేదు.

మే 5 సాయంత్రం కరీంనగర్ 3.8 టీవీలో చూసి నేనే అమ్మకి ఫోన్ చేశా. ఎత్తగానే “ఆగు బిడ్డా” అని ఫోన్ పక్కన పెట్టింది, గుమ్మం దగ్గర అవ్వతో మాట్లాడుతున్నట్టుంది, వినిపిస్తోంది.

“ఇరవైల ఒకటంటనే, పొద్దుగాల వరకు ఇంక తక్కువైతదంట. నువ్వైతే ఆ గోడ పక్కన పండకు, ఇటు రా.”